మూడు ఉద్ధరిణెలు

అరటిపండు ఇంకొంచెం మెత్తగా చిదిమి ఉండాల్సింది, టాన్సిళ్ళు వాచిన గొంతు కదా పాపం, మింగేటప్పుడు కృతి కళ్ళు గట్టిగా మూసుకుంది, అయినా అజ్జీ ఇంకా, అజ్జీ ఇంకా అంటూ చెంబు వదల్లేదు మనవరాలు, అనుకుంటూ ఆపరేషన్ గది బయట బెంచీ మీద సరస్వతీబాయి ఆ వెండి చెంబును ఒళ్ళో పెట్టుకుని పైన కొంగు కప్పుకుంది, పిల్లను లోపలికి తీసుకుపోయి పావుగంట అయింది, తలుపు మీద ఎర్ర దీపం, కిటికీ జాలీకి ఆదోని పత్తి నూగు పట్టుకుని ఊగుతోంది, పక్కన కోడలు స్నేహ గోళ్ళు కొరుక్కుంటోంది, కోడలికి తెలియదు, పొద్దున ఎనిమిదింటికి ఆమె స్నానానికి పోయిన పది నిమిషాల్లోనే అయిపోయింది అదంతా, తెలిస్తే మాత్రం ఏముంది, అది తిండి కాదు కదా, తెల్లవారుజామున ఎమ్మిగనూరు మఠంలో తన భర్త పిల్ల పేరు చెప్పి అక్కడి స్వామి రాయరికి చేసిన అభిషేకం, పాలూ పెరుగూ నెయ్యీ తేనే చక్కెరా, మొదటి బస్సులో ఒలకకుండా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది, ఉద్ధరిణెతో మూడుసార్లే పోసింది, లెక్క ప్రకారం మూడే, కానీ రాత్రి నుంచి ఏమీ తినని ఆరేళ్ళ పిల్ల చెంబే లాక్కుని నోటికెత్తుకుంటే ఎవరికి చేతులొస్తాయి గుంజుకోవడానికి, ఆ తర్వాత నర్సు వచ్చి పాప ఏమన్నా తినిందా అవ్వా అంటే లేదమ్మా, పచ్చినీళ్ళు గూడా ముట్టలేదు అని చెప్పింది, అబద్ధమని అనిపించనే లేదు, యాభై ఏళ్ళుగా ఏకాదశి ఉంటున్న మనిషి, నీళ్ళు కూడా తాగని ఆ రోజున తీర్థం మాత్రం పుచ్చుకుంటారు, తీర్థంతో ఉపవాసం చెడదు, ఉపవాసమంటే ఏమిటో తనకు నర్సులు నేర్పాలా.

అప్పుడు వచ్చింది ఆ డాక్టరమ్మాయి, తెల్లకోటు మీద పేరు అఫ్సానా, ఈ ఊరి పిల్లేనట, మత్తు డాక్టరు చదువు, చేతిలో అట్ట, దాని మీద కాగితాలు, కడుపు ఖాళీ అని చెప్పిన వాళ్ళలో నిజంగా ఎందరికి ఖాళీగా ఉందో పరిశోధన చేస్తోందట, నిన్ననే కొడుకు రఘు సంతకం పెట్టాడట, నవ్వుతూ పక్కన కూర్చుని, అవ్వా, అన్నం మాటొక్కటే కాదు, నోట్లో పెట్టినదేదైనా చెప్పల్ల, మా అమ్మకు అమ్మ, మా నానీ అయితే దర్గా నీళ్ళు నీళ్ళే కావంటాది, అట్ల దాచద్దండి అంది, సరస్వతీబాయికీ నవ్వొచ్చింది, వచ్చిన నవ్వు సగంలో ఆగిపోయింది, ఎందుకంటే ఆ అమ్మాయి స్నేహకు చెబుతోంది, మత్తులో దగ్గు గూడా నిద్దరపోతాది అక్కా, కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే మనిషికి తెలీదు, పాలయితే ఆరు గంటలన్నా కడుపులోనే ఉంటాయి, ఆరు గంటలు, ఎనిమిది నుంచి పది ఎంత, రెండే, చెంబు చల్లగా ఒళ్ళోకి దిగబడుతోంది, చెప్పాలి, చెబితే ఈ కోడలు ఇక జన్మలో పిల్లను తన చేతికివ్వదు, చెప్పకపోతే, రాయరున్నారు, ఆయన తీర్థమే తన మనవరాలిని ఎలా, చిన్న కొడుకు మాధ్వేశ్ కూడా ఇలాగే అమ్మా ఇంకా అన్నాడు, వాడికి తొమ్మిదేళ్ళు, కడుపునొప్పి, ఇదే ఊళ్ళో ఇంకో ఆసుపత్రి, వద్దు, వాడినిప్పుడు తలచుకోకూడదు, నోరు తెరువు ముసలిదానా, తెరువు.

తల్లీ, నేను పంచామృతం ఇచ్చినాను, ఎనిమిదింటికి, చెంబంతా తాగింది.

అఫ్సానా కాగితాలు బెంచీ మీదే పడేసి తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తింది, తలుపు రెక్కలు రెండుసార్లు ఊగి ఆగాయి, స్నేహ అరవలేదు, అరిచినా బాగుండేది, నేను నీళ్ళు పోసుకుని వచ్చేలోపలేనా అత్తా అని మాత్రం అని మొహం గోడకు తిప్పుకుంది, సరస్వతీబాయి ఎర్ర దీపాన్నే చూస్తూ కూర్చుంది, దీపం ఆరలేదు, మాధ్వేశ్ ఆపరేషన్ అప్పుడూ ఇలాంటి తలుపులోంచే వచ్చాడు ఆ మత్తు డాక్టరు, బక్కపలుచని మనిషి, నుదుటంతా చెమట, అమ్మా, పిల్లోడికి ఏమన్నా తాపించినారా, పాలేమన్నా తాపించినారా అని రెండుసార్లు అడిగాడు, తను రాయరి మీద ఒట్టేసి లేదంది, తన మరిది ఆ డాక్టరు చొక్కా పట్టుకున్నాడు, వీధిలోవాళ్ళు అద్దాలు పగలగొట్టారు, వారం తిరక్కుండా ఆ డాక్టరు పెళ్ళాంపిల్లలతో ఊరు వదిలిపోయాడు, యాడికి పోయినాడో ఎవరికీ తెలియదు, ముప్పై మూడేళ్ళు, ప్రతి ఏడూ మాధ్వేశ్ తద్దినం నాడు విస్తళ్ళు ఎత్తాక ఆయనకు శాపనార్థాలు పెట్టనిదే ఆమెకు ముద్ద దిగేది కాదు.

తలుపు తెరుచుకుంది, ముందువాళ్ళ ఆపరేషన్ ఇంకా కాలేదక్కా, పాప పక్కగదిలోనే ఉంది, మత్తు పెట్టలేదు, రేపు చేస్తారు అంది అఫ్సానా ఆయాసపడుతూ, స్నేహ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, సరస్వతీబాయికి ఏడుపు రాలేదు, అఫ్సానా కాగితాలు ఏరుకుని ఒక గడి దగ్గర కలం ఆపింది, మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికన్నా మత్తుతో ఇబ్బందయిందా అంటే మా మరిది మాధ్వేశ్ అని అక్క చెప్పింది, డాక్టరు తప్పని రాసుకున్నా, అంతేనా అవ్వా, అంతే అనబోయింది, నాలుక ఆ మాటకు బాగా అలవాటుపడింది, కానీ ఆ డాక్టరు అడిగింది పాల గురించే కదా, రెండుసార్లు అడిగాడు, అప్పుడు కూడా తీర్థం తిండి కాదనే లేదంది, కొంగు తొలగించింది, చెంబు అడుగున అరటిపండు తునకలు నల్లబడి ఉన్నాయి, అంచు మీద చిన్న సొట్ట, మాధ్వేశ్ పళ్ళు తగిలిన చోటు, మరి ముప్పై మూడేళ్ళుగా తను శపిస్తున్నది ఎవరిని.

అది కొట్టేయి తల్లీ, అంది, ఆయన తప్పేమీ లేదు, నా బిడ్డకు గూడా ఈ చెంబుతోనే తాపించినా, నేనే.