గాల్లో తీగ

బండి సీటు కవరు అంచు మడిచి సూది కిందికి తోసి, ఆమె కాలితో పెడల్ అదిమింది. మోటారు గుర్రుమంది. ఆ వెంటనే పక్క బల్లమీది పాత ల్యాప్‌టాప్ టింగుమంది. తెరమీద ఆమె తానే కొట్టి పెట్టుకున్న పెద్ద అక్షరాలు వెలిగాయి: పిలుస్తున్నారు.

దారం తెంపకుండానే లేచి లోపలి గదిలోకి వెళ్ళింది.

భర్త మంచంమీద పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు. పక్షవాతం అతని కుడి సగాన్నీ మాటనీ ఎత్తుకుపోయింది. కాస్తో కూస్తో కదిలేది ఎడమ చెయ్యి. ఆ చేతి పక్కనే బటన్. దాన్నుంచి పొడుగాటి తీగ ఒకటి గుమ్మం దాటి ముందుగదిలోకి వచ్చి, చిల్లుల ప్లాస్టిక్ పలకలో దిగి, అక్కణ్ణుంచి అరచేతిలో పట్టేంత సర్క్యూట్ బోర్డులోకీ, దాన్నుంచి కంప్యూటర్లోకీ వెళ్ళింది.

"నీళ్ళు కావాలా? పక్కకి తిప్పనా?"

అతను ఆమెకేసి చూశాడు, అంతే.

"ఏమీ వద్దా? మరెందుకు పిలిచినట్టు?"

పొద్దుటినుంచీ ఇదే వరస. మిషను ముందు కూర్చోవడం, అది మోగడం, పరుగెత్తి రావడం, ఆయన మిడిగుడ్లేసుకుని చూడడం.

ఆమెకిది కొత్త కాదు. పెళ్ళయిన నాటినుంచీ ఆమె ఆ మిషను మీద కూర్చుంటే చాలు, అతనికి ఏదో ఒకటి గుర్తొచ్చేది. వెల్డింగు షాపులో అరిచి అరిచి అలవాటైన గొంతు. "ఏయ్, తువ్వాలేది?" తువ్వాలు అతని ముక్కు ఎదుటి మేకుకే ఉండేది. "ఏయ్, చెప్పులేవి?" చెప్పులు కాళ్ళ దగ్గరే ఉండేవి. ఆమెకొక పేరుందని ఆ ఇంటి గోడలకు కూడా తెలియదు. ఆమె కుట్టిన కవర్లమీద ఊరంతా కూర్చుని తిరిగేది గానీ, ఆమె ఒక్క కవరైనా మధ్యలో లేవకుండా కుట్టిన పాపాన పోలేదు.

అలాంటి మనిషి నోరు పడిపోయాక, ఒకరోజు మంచంమీంచి కింద పడ్డాడు. మిషను మోతలో ఆమెకు మూలుగు వినబడలేదు. చేతిలో పని ముగించి వెళ్ళేసరికి చెంప నేలకానించి, కళ్ళు తెరుచుకుని ఉన్నాడు. ఆ కళ్ళు చూశాకే ఈ గంట పిచ్చి పట్టుకుంది. అక్క కూతురు పాలిటెక్నిక్‌లో చదువుతోంది. తన పాత ల్యాప్‌టాప్, బోర్డు, కొన్ని తీగలు పంపి, ఫోనులోనే పాఠం మొదలుపెట్టింది. సూదిలో దారం ఎక్కించడం తప్ప మరో విద్య తెలియని మనిషి తీగలతో కుస్తీ పట్టింది. మొదట బోర్డు ఉన్నట్టే కంప్యూటర్ గుర్తించలేదు. తీరా చూస్తే తప్పు ఆ రెంటినీ కలిపిన వైరుది. అది ఫోను చార్జింగుకు తప్ప మాట మోయడానికి పనికిరాదట. నిన్న మొదటిసారి టింగుమన్నప్పుడు ఆమె ఒక్కతే కూర్చుని చప్పట్లు కొట్టుకుంది.

ఇవాళ దాన్ని చూస్తే ఒళ్ళు మండుతోంది. మళ్ళీ పెడల్ తొక్కింది. మళ్ళీ టింగుమంది.

ఈసారి గుమ్మంలోంచే అరిచింది. "నోరు పడిపోయినా బుద్ధి మాత్రం ఎక్కడికీ పోలేదు! బతుకంతా పిలిచారు, చాలలేదా? మీ గొంతు పోయిన రోజు ఈ ఇంట్లో నేను మొదటిసారి కంటినిండా నిద్రపోయాను, తెలుసా?"

అతని బొటనవేలు పక్కమీద అటూ ఇటూ కదిలింది. కాదు, కాదు అన్నట్టు. ఆమె దాన్ని చూసీ చూడనట్టు బటన్ లాక్కుని, అందకుండా కిటికీ గట్టున పెట్టి, విసురుగా వచ్చి పెడల్ తొక్కింది.

టింగ్.

కాలు తీసింది. మళ్ళీ తొక్కింది. టింగ్.

బటన్ కిటికీ గట్టునే ఉంది. అక్క కూతురికి ఫోను చేసి, నొక్కకుండానే మోగుతోందని చెప్పింది.

"పిన్నీ, బటన్ నొక్కనప్పుడు ఆ తీగ దేనికి కలిసి ఉంది?"

"దేనికీ లేదే. ఊరికే గాల్లో ఉంది."

"అదీ సంగతి. గాల్లో ఉన్న తీగ పక్కన ఏ మోటారు తిరిగినా ఆ కరెంటు అలజడిని పట్టుకుని, నొక్కారనే చెప్తుంది. నీకిచ్చిన పొట్లంలో బియ్యపుగింజంత రెసిస్టర్లున్నాయి చూడు. గోధుమ, నలుపు, నారింజ చారలది తీసి, బోర్డులో ఆ తీగ దిగిన చోటునుంచి గ్రౌండు అని రాసి ఉన్న చోటుకి కలుపు, ఇంక అది గాల్లో ఉండదు. అయినా బాబాయ్ నొక్కలేదని నీకెలా తెలిసింది?"

ఆమె ఫోను పెట్టేసి పొట్లం విప్పింది.

రెసిస్టర్ పెట్టాక మిషను ఎంతసేపు తిప్పినా కంప్యూటర్ కిక్కురుమనలేదు. ఆమె రెక్సిన్ ముక్క కత్తిరించి, లోపల స్పాంజి పెట్టి, బటన్‌కి చిన్న తొడుగు కుట్టింది. తీసుకెళ్ళి అతని చేతికింద పెట్టింది.

"మీరు కాదట. తీగదే తప్పు," అంది. అతను గోడవైపు చూస్తున్నాడు. "ఒక్కసారి నొక్కండి, చూద్దాం."

నొక్కలేదు. ఆమె తన వేలితోనే ఒకసారి అదిమింది. ముందుగదిలో టింగుమంది. "చూశారా, బాగయింది. ఇంక ఏం కావాలన్నా పిలవండి," అని కాసేపు నిలబడింది. ఇంకో మాటేదో నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళలో అలాంటి మాట అటునుంచి ఇటు గానీ, ఇటునుంచి అటు గానీ ఎన్నడూ నడవలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, దుప్పటి సర్ది వచ్చేసింది.

ఆ మధ్యాహ్నమంతా గంట మోగలేదు. మిషను ఏకధాటిగా నడిచింది. కవర్లు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి. చెయ్యి ఇంత సాఫీగా సాగుతుందని ఆమెకే తెలియదు. ఒకటి రెండుసార్లు తెరవైపు చూసి, నిద్రపోయి ఉంటాడనుకుంది.

ఎండ వాలాక గంజి కలుపుకుని వెళ్ళింది. అతను గోడవైపు తిరిగే ఉన్నాడు. భుజంమీద చెయ్యి వేసి, చల్లగా తగిలేసరికి వెంటనే తీసేసింది.

చేతికింద బటన్ లేదు. మంచం పక్కనున్న స్టూలు మీద ఉంది. ఆ చేత్తో దాన్ని అంతదూరం జరపడానికి చాలాసేపే పట్టి ఉంటుంది. ఆమె వేలితో బటన్ అంచు అదిమింది. ముందుగదిలో టింగుమంది.

మరిది వచ్చాడు. ఇరుగుపొరుగు వచ్చారు. "ఎంత నోరున్న మనిషి! పోయేటప్పుడు మాత్రం ఎవర్నీ పిలవకుండా, ఎవర్నీ కష్టపెట్టకుండా పోయాడు," అన్నారొకరు. "అదృష్టవంతుడు," అన్నారింకొకరు. ఆమె గోడకానుకుని వింటూ కూర్చుంది.

అతన్ని తీసుకెళ్ళిపోయాక, మంచం ఖాళీ చేశారు, దుప్పటి దులిపారు. స్టూలు జోలికి ఎవరూ పోలేదు. దానిమీద, కొత్త రెక్సిన్ తొడుగులో, బొటనవేలి గుంట పడని స్పాంజి ఇంకా ఉబ్బుగానే ఉంది.