చేప వయసు

జల్లెడకు అడ్డంపడిన నాచును లాగి గట్టు మీద వేస్తూ, అందులో ఏదో కదలడం చూసి ఆయన ఆగాడు. నదిలోంచి నీటి శుద్ధి కేంద్రంలోకి వచ్చే నీళ్ళు మొదట తగిలేది ఆ ఇనుప జల్లెడకే. ఆకులు, పుల్లలు, అప్పుడప్పుడూ ఎవరిదో ఒంటి చెప్పు, అన్నీ అక్కడే ఆగిపోతాయి. రోజూ పొద్దున ఆరింటికి దాన్ని శుభ్రం చేయడం ఆయన పని. పావుగంటలో తెమిలే పనికి ఆయనకు గంట పడుతుంది. చెత్తనంతా వేళ్ళతో విడదీసి చూస్తే గానీ ఆయనకు తోచదు మరి!

ఇవాళ దొరికింది ఇల్లు మోసుకు తిరిగే పురుగు. వేలిగోరంత ఉంది. ఇసుక రేణువులను ఒక్కొక్కటే ఏరి, తన జిగురుతో అతికించి, ఒంటి చుట్టూ గొట్టంలాంటి ఇల్లు కట్టుకుని, దాన్ని ఈడ్చుకుంటూ తిరుగుతుంది. మొన్న దొరికినదాని ఇల్లంతా నల్ల ఇసుకే. దీనికి మాత్రం ముందు భాగంలో ఒక ఎర్ర రేణువు ఉంది, గుమ్మానికి రంగు వేసుకున్నట్టు.

"భలేదానివే! సొంతిల్లు కట్టేశావు. నేనింకా అద్దెకుంటున్నా," అంటూ దాన్ని అరచేతిలో పెట్టుకుని మెట్లు దిగి, మళ్ళీ నదిలో వదిలాడు.

పొట్టి మనిషి. యాభై ఆరేళ్ళు. నీళ్ళలో నానీ నానీ వేళ్ళ చివర్లు ఎప్పుడూ తెల్లగా ముడతలు పడి ఉంటాయి. చదువు పదో తరగతి దగ్గరే ఆగింది. పురుగుల అసలు పేర్లు తెలియవు కాబట్టి తనే పేర్లు పెట్టుకున్నాడు. రెండు ముక్కలు చేస్తే రెండు ప్రాణులయ్యేది 'మొండిది'. వెనకవైపు నుంచి ఊపిరి పీల్చుకుని, ఆ దారినే నీళ్ళు చిమ్మి ముందుకు దూకే తూనీగ పిల్ల 'ఫిరంగి'. ఈ ఫిరంగి సంగతి మొదటిసారి భోజనం దగ్గర చెప్పినప్పుడు ఆయన భార్య నోటి దాకా తెచ్చిన ముద్దను పళ్ళెంలో పెట్టేసింది.

"తినేటప్పుడు ఆ కబుర్లేంటండీ బాబూ!" అని విసవిసా లేచి వెళ్ళింది. ఐదు నిమిషాల తర్వాత గుమ్మంలోంచి తల బయటపెట్టి, "నిజంగా వెనక నుంచేనా?" అని అడిగింది. ఆవిడ వరస అంతే. వద్దంటూనే అన్నీ వింటుంది.

జల్లెడ దాటిన నీళ్ళు ఇసుక తొట్లలో వడకట్టుకుని ఊరి గొట్టంలోకి వెళ్తాయి. మందు కలపకముందు వాటిలోంచి ఒక సన్నటి ధారను పక్కకు మళ్ళించి, చిన్న గదిలో ఉన్న గాజుతొట్టెలోంచి పారిస్తారు. తొట్టెలో ఒకే ఒక చేప. రెండుంటే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. నీళ్ళలో విషమేదైనా కలిస్తే మనుషులకంటే ముందు ఆ చేపకు తెలుస్తుంది. అది పక్కకు ఒరిగితే చాలు, గోడకున్న పెద్ద చక్రం తిప్పి ఊరికి నీళ్ళు ఆపేయాలి. ఎవరినీ అడగక్కర్లేదు. చేపకు కాపలా ఆయనే. ఇరవై మూడేళ్ళలో ఆ చక్రాన్ని గ్రీజు పెట్టడానికి తప్ప ముట్టుకోలేదు.

ఇంకో నిబంధన కూడా ఉంది. ఏటా చేపను మార్చాలి. ముసలి చేప సాక్ష్యం చెల్లదు. అది ఒరిగింది నీళ్ళ వల్లో వయసు వల్లో ఎవరు చెప్పగలరు? పాతదాన్ని నదిలో వదిలి, కొత్తదాన్ని తెచ్చి, పుస్తకంలో తేదీ వేసి సంతకం పెట్టాలి. పద్దెనిమిదేళ్ళపాటు ఒక్క ఏడాదీ తప్పకుండా అలాగే చేశాడు. ఆ తర్వాత వచ్చింది గూనిది.

వెండి రంగు చేప. పుట్టుకతోనే వీపు వంగిపోయింది. ఈదుతుంటే ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. ఆయన తలుపు తీయగానే గాజు దగ్గరికి వచ్చేస్తుంది, ఇంకెవరు వచ్చినా కదలదు. ఏడాది నిండిన రోజున దాన్ని బకెట్లో వేసుకుని నది దాకా మోశాడు. ఈ వంకర ఈతతో అక్కడ ఒక్క పూట కూడా బతకదనిపించింది. చేతులు రాలేదు. మళ్ళీ మోసుకొచ్చి తొట్టెలో వేసి, పుస్తకంలో మాత్రం 'కొత్త చేప' అని రాసేశాడు. అప్పటినుంచి ఏటా అదే అబద్ధం, అదే సంతకం. తప్పని ఆయనకు తెలియక కాదు. అయినా రాసేవాడు.

ఇవాళ పదకొండింటికి గదిలోకి వెళ్తే గూనిది గాజు దగ్గరికి రాలేదు. తొట్టె అడుగున పక్కకు ఒరిగి ఉంది. మొప్పలు తెరుచుకుంటున్నాయి గానీ మూసుకోవడానికి చాలాసేపు పడుతోంది.

"ఏమైందే తల్లీ," అని గాజు మీద వేలితో మెల్లగా తట్టాడు.

వారం నుంచి అది మేత సరిగ్గా తినడం లేదు. ముసలితనమే అనుకుంటూ వచ్చాడు. ముసలితనమే అయితే ఊరందరికీ ఉత్తపుణ్యానికి నీళ్ళు ఆపినట్టు. కాకపోతే? నదికి ఎగువనున్న ఏ ఫ్యాక్టరీ అయినా ఏదైనా వదిలి ఉంటే? ఈ నిమిషాన ఏ తల్లో పసిబిడ్డకు పాలు కలుపుతూ ఉంటుంది. చెప్పినట్టు చేపను మార్చి ఉంటే ఈ అనుమానమే ఉండేది కాదు. ఊరికున్న ఒక్క సాక్షిని చేజేతులా పాడుచేశాడు.

ఇక ఆలోచించలేదు. వెళ్ళి చక్రం పట్టుకున్నాడు. నలభై చుట్లు. ముప్పై దాటేసరికి భుజాలు పీకేశాయి. గొట్టంలో హోరు తగ్గుతూ తగ్గుతూ చివరికి ఆగిపోయింది. కేంద్రం చూసే ఇంజనీరమ్మకు ఫోన్ చేసి చెప్పాడు. పెట్టేసేలోపే భార్య దగ్గర్నుంచి ఫోన్.

"ఏమండీ, మీ నీళ్ళు ఆగిపోయాయి. తలంతా నురగతో నిలబడ్డానిక్కడ."

"నేనే ఆపాను."

"మీరా? మీకేం పోయేకాలం వచ్చిందండీ?"

"పట్టిపెట్టిన నీళ్ళు తాగకు. పక్కింటివాళ్ళకీ చెప్పు."

"కళ్ళు మండుతున్నాయి, ఉంటాను," అని పెట్టేసింది.

ఇంజనీరమ్మ వచ్చేసరికి గూనిది చచ్చిపోయింది. ఆవిడ ఈ కేంద్రానికి వచ్చి మూడు నెలలే అయింది. చిన్న వయసు, గట్టి మనిషి. చేపను చూసి, చక్రాన్ని చూసి, "శభాష్. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయలేదు మీరు," అంది. ఆ శభాష్ ఆయనకు చెంపదెబ్బలా తగిలింది. ఆవిడ సీసాల్లో నీళ్ళు పట్టించి పరీక్షల గదికి పంపింది. గంటన్నర తర్వాత కబురొచ్చింది. నీళ్ళలో ఏ దోషమూ లేదు.

హమ్మయ్య అనుకున్నాడాయన. ఆవిడ మాత్రం పుస్తకం తిరగేసి నుదురు చిట్లించింది.

"ఎనిమిది నెలల కిందట మార్చిన చేప. వయసులో ఉన్న చేప ఊరికే చావదు కదా! మన పరీక్షకు అందని విషమేదో ఉంది. పెద్ద ల్యాబ్‌కి పంపుదాం. రేపు సాయంత్రానికి గానీ రిపోర్టు రాదు. అప్పటిదాకా ఊరికి చుక్క నీళ్ళు వదలొద్దు. ఆసుపత్రికి కూడా చెప్పేశాను, ఆపరేషన్లు ఆపుకోమని."

నోరు మూసుకుంటే చాలు, శభాష్ మిగిలిపోతుంది. రేపు రిపోర్టులో ఏమీ తేలదు, ఎవరూ ఆయన్ని అడగరు. ఇంకో చేప వస్తుంది, ఈ గది తనదే. ఆ గది అంటే ఆయనకు ప్రాణం. కానీ ఆసుపత్రి మాట విన్నాక నోరు మూసుకోలేకపోయాడు.

"మేడమ్, ఆ చేప వయసు ఎనిమిది నెలలు కాదు."

"మరి?"

"ఐదేళ్ళ చేప అది. ఈ జాతి నాలుగేళ్ళు బతికితే గొప్ప."

"పుస్తకంలో మీ సంతకముంది!"

"అబద్ధం మేడమ్. నాలుగు సంతకాలూ అబద్ధమే."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఎందుకు చేశారీ పని?"

"దాని వీపు వంకరమ్మా. నదిలో బతకదు."

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది, అందులో తప్పేమీ లేదు. "ఊరంతా తాగే నీళ్ళండీ ఇవి! మీ జాలికి అక్కడెంతమంది బలైపోయేవాళ్ళో తెలుసా?" అంది. ఆయన తల దించుకున్నాడు. తెలుసన్నాడు. ఆవిడ ఇంకోసారి పరీక్ష చేయించింది. మళ్ళీ అదే ఫలితం. మూడింటికి నీళ్ళు వదలమంది. ఆయన్నే తిప్పమంది చక్రం. నలభై చుట్లూ తిప్పేదాకా పక్కనే నిలబడింది.

"రేపట్నుంచి గేటు డ్యూటీకి వెళ్ళండి. ఇంతకంటే తక్కువ శిక్ష నేను వేయలేను."

"సరేనమ్మా," అన్నాడు. ఉద్యోగం నిలిచింది, అదృష్టమే. కానీ గేటు దగ్గరికి లారీలు తప్ప ఏం వస్తాయి?

గూనిదాన్ని దోసిట్లోకి తీసుకుని మెట్లు దిగి నదిలో వదిలాడు. అది ఆ వంకర వీపుతోనే తేలుతూ పోయింది. ఆయన ఏడ్చాడు. చేప కోసం ఇంత మనిషి ఏడవడమేమిటని ఎవరైనా నవ్వుకుంటే నవ్వుకోనీండి. ఇంతలో ఫోన్ మోగింది.

"నీళ్ళొచ్చాయి," అంది భార్య. తర్వాత, "ఏంటా గొంతు? ఏమైంది మీకు?"

"ఇంటికొచ్చి చెబుతాలే," అన్నాడు. గదిలోకి మళ్ళీ వెళ్ళలేదు. అటునుంచి అటే గేటు దాటి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కొత్త చేపను ఇంజనీరమ్మ తన చేతులతోనే తొట్టెలో వదిలింది. కాసేపు చూద్దామని గదిలో ఉన్న ఒకే ఒక్క స్టూలు లాక్కుని కూర్చుంది. మోకాళ్ళు గడ్డానికి తగిలినంత పనైంది. ఇదేం స్టూలని వంగి చూసింది. నాలుగు కాళ్ళనూ ఎవరో జానెడు మేర కోసేసి, కోసిన చివర్లను గరుకు కాగితంతో నున్నగా రుద్దారు. ఎవరినైనా పిలిచి కుర్చీ తెప్పించుకుందామని తల తిప్పిందో లేదో, గాజు అవతల చేప కన్ను సరిగ్గా తన కంటి ఎత్తులో ఉంది. ఆవిడ ఎవరినీ పిలవలేదు. జానెడు పొట్టిదైన ఆ స్టూలు మీదే, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని, చీకటి పడేదాకా కూర్చుంది.