టాన్సీని మలిచిన చెయ్యి

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. వెర్లిన్ హాస్కెట్ విషయంలో మాత్రం ఎవరూ పెద్దగా కల్పించనక్కర్లేకపోయింది. పదిహేనేళ్ళ వయసులో, కింద గుర్రం లేకుండా భుజాన జీను మోసుకుంటూ నెవాడాలోని ఆ లోయకి నడిచి వచ్చాడు. ముసలివాడై పోయేనాటికి ఆ చుట్టుపక్కల పశువుల దొడ్లలో ఆయన చేత తిట్లు తినకుండా స్వారీ నేర్చుకున్నవాడు లేడు. ఆ తిట్లన్నీ ఇప్పుడు దీవెనలైపోయాయి.

పొద్దున్నే కొండవాలులో పాతిపెట్టి వచ్చి, అందరూ కొట్టం ముందు బల్లల చుట్టూ కూర్చున్నారు. కాల్చిన మాంసం, చిక్కుడు గింజలు, ఆపిల్ పై, కాగులకొద్దీ కాఫీ. తినడం ఒక వంక, అసలు పని ఆయన్ని తలుచుకోవడం. కొత్త పాదిరీని పెంకి గుర్రం ఎక్కించి, "ఇప్పుడు పిలవండి దేవుణ్ణి, మనసారా పిలుస్తారు" అన్న కథ ఒకరు చెప్పారు. మంచులో చిక్కుకున్న మందని ఒంటరిగా తోలుకొచ్చి, ఇంటికి రాగానే ముందు గుర్రానికి ఒళ్ళు తుడిచి, దాణా పెట్టి, ఆ తర్వాతే భార్యని పలకరించిన కథ ఇంకొకరు చెప్పారు.

"పెళ్ళిరోజూ అంతే చేశాడు," అంది ఆయన భార్య మార్వా. అందరూ ఘొల్లుమన్నారు.

కూతురు రొవీనా కూడా నవ్వింది. నలభై దాటిన మనిషి. పెళ్ళి మాట తలపెట్టకుండా తండ్రి పక్కనే గొడ్లు తోలుతూ బతికింది. ఆమె మనసంతా కంచెలో నిలబడ్డ ఎలకరంగు ఆడగుర్రం మీదే ఉంది. దాని పేరు టాన్సీ. అది కళ్ళెం గుర్రం. ఆ లోయలో ఆ మాట ఊరికే అనరు. కొన్నేళ్ళు నోట్లో ఇనుము పెట్టకుండా ముక్కుపట్టీతోనే తిప్పి, తర్వాత ముక్కుపట్టీ, కళ్ళెం రెండూ వేసి తిప్పి, చివరికి కళ్ళెం ఒక్కటే ఉంచితే, చిటికెన వేలి కదలికకి తిరిగే గుర్రం తయారవుతుంది. ఇంటిపెద్ద పోతే నేలా మందా ఎవరికైనా పోవచ్చు, కళ్ళెం గుర్రం మాత్రం దాన్ని మలిచిన మనిషికే పోవాలి. అది అక్కడి కట్టుబాటు. టాన్సీని ఏడేళ్ళు కష్టపడి మలిచింది రొవీనా.

లోయ అవతలి దొడ్డి యజమాని డోయల్ ప్రాట్ లేచాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

"మొన్న మందల్ని కొండ దింపినప్పుడు చలిమంట దగ్గర వెర్లిన్ ఒక మాటన్నాడయ్యా. 'ఆ టాన్సీని మలిచింది మా అబ్బాయి కార్విన్ గాడే, నేను వేలు కూడా పెట్టలేదు' అన్నాడు. అప్పుడు చూడాలి ఆయన మొహం! ఒరే కార్విన్, ఇవాళ్టి నుంచి అది నీదిరా. మీ నాన్న పేరు నిలబెట్టు."

"అవునవును, మాకూ చెప్పాడు," అన్నారు ఇద్దరు ముగ్గురు. వెర్లిన్ ఒకరికి కార్విన్ పెళ్ళిలో చెప్పాడట, ఇంకొకరికి పశువుల సంతలో చెప్పాడట.

రొవీనా కాఫీ కప్పు కింద పెట్టింది. తమ్ముడి వంక చూసింది. కాదు, అక్క మలిచిందని ఒక్క మాటంటే సరిపోయేది. కార్విన్ తేలు కుట్టిన దొంగలా పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"డోయల్ బాబాయ్, నాన్న అలా అని ఉండడు," అంది.

"చెవులారా విన్నానమ్మాయ్. పోయినాయన మీద నాకెందుకు అబద్ధం?"

మార్వా గబగబా ఖాళీ పళ్ళేలు పోగుచేసుకుని వంటింట్లోకి నడిచింది. రొవీనా వెనకే వెళ్ళింది.

"నీకు తెలుసా అమ్మా?"

"ఇప్పుడెందుకే ఆ గొడవ? గుర్రం ఎక్కడికి పోతుంది, ఈ కంచెలోనేగా ఉండేది!"

"తెలుసా, తెలీదా?"

"తెలుసు." మార్వా కుళాయి తిప్పింది. "వాడి సంగతి నీకు తెలీందేముంది? గుర్రం వాడి మాట వినదు. హాస్కెట్ కొడుక్కి గుర్రాన్ని మలచడం రాదంటే రేపు పనివాళ్ళలో ఎవడు లెక్కచేస్తాడు? దొడ్డి నడపాల్సింది వాడే. అందుకని మీ నాన్న వాడికో పేరు తెచ్చిపెట్టాడు."

"ఎవరి పేరు తెచ్చి?"

"నువ్వు గట్టిదానివి. నీకు పేరుతో పనేముందే?"

"గట్టిదాన్నని నన్ను దోచుకున్నారా? సొమ్మొకడిది, సోకొకడిది!"

రొవీనాకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. నాన్నే నమ్మించి గొంతు కోశాడు. ఊరి వాడెవడో చేస్తే ఇంత నొప్పి ఉండేది కాదు. బతికుంటే చొక్కా పట్టుకుని నిలదీసేది. పొద్దున్నే తన చేత్తోనే ఆయన మీద మట్టి వేసి వచ్చింది.

బయటికొచ్చి తిన్నగా గస్ ఎచెవెరీ ముందు నిలబడింది. గస్ తండ్రికి చిన్ననాటి స్నేహితుడు, లోయలో అందరికన్నా పెద్ద రౌతు.

"గస్ బాబాయ్, వెంట్రుకలు కట్టు."

బల్లల దగ్గరివాళ్ళంతా ఇటు తిరిగారు. ఒక గుర్రాన్ని ఎవరు మలిచారన్న తగువొస్తే, పగ్గాల్ని కళ్ళేనికి ఆ గుర్రం తోకవెంట్రుకలతో కడతారు, అటొకటి, ఇటొకటి. ఎక్కినవాళ్ళు దౌడు తీయించాలి, ఉన్నచోట ఆపాలి, గిర్రున తిప్పాలి. మలిచిన చేతిలో వెంట్రుక తెగదు.

"ఇవాళ వద్దక్కా," అన్నాడు కార్విన్. "నాన్నని పూడ్చి పూటైనా కాలేదు."

"నాన్న మాట నిజమైతే నీకు భయమెందుకురా? ఎక్కు."

నలుగురూ చూస్తుంటే కాదనలేక ఎక్కాడు. టాన్సీ పాపం బాగానే పరుగెత్తింది. ఆపబోయేసరికి కార్విన్ చెయ్యి బిగిసింది. వెంట్రుకలు తెగి, పగ్గాలు ఊడి దాని మెడ మీద వేలాడాయి. దిగి, ఎవరి మొహమూ చూడకుండా పక్కకి తప్పుకున్నాడు.

గస్ కొత్త వెంట్రుకలు కట్టాడు. రొవీనా ఎక్కి కాసేపు కదలకుండా కూర్చుంది. చేతిలో కోపముంటే వెంట్రుక ఆగదు. కోపాన్ని దిగమింగి, ఊపిరి కుదుటపడ్డాక మడమ తాకించింది. టాన్సీ దౌడు తీసింది, నేలకి అతికినట్టు ఆగింది, ఎడమకి తిరిగింది, కుడికి తిరిగింది. గస్ వెంట్రుకలు విప్పి అందరికీ చూపించాడు. రెండూ తెగలేదు.

చప్పట్లు మోగాయి. డోయల్ టోపీ తీసి, "క్షమించమ్మాయ్. వెర్లిన్ పొరబడ్డాడు. వయసు మీద పడింది కదా," అన్నాడు.

ఆ మాటతో రొవీనాకి ప్రాణం లేచొచ్చినట్టయింది. నిజమే, ముసలాయన పొరబడే ఉంటాడు.

"పొరబడలేదు," అన్నాడు గస్. "మీ నాన్నకి తెలుసు. నాకూ తెలుసు. ఆ మంట చుట్టూ కూర్చున్నవాళ్ళలో సగం మందికి తెలుసు. ఏటా దూడలకి ముద్రలేయడానికి వచ్చినప్పుడల్లా కంచెలో నిన్నే చూసేవాళ్ళం కదమ్మా. కానీ మంట ఆయనది, మాంసం ఆయనది. ఊఁ కొట్టాం."

చిన్నప్పటి నుంచి బాబాయ్ బాబాయ్ అని తను పిలిచినవాళ్ళంతా అక్కడే ఉన్నారు, కాఫీ తాగుతూ. గుర్రం దక్కింది, నాన్న దక్కలేదు.

కళ్ళెం గుర్రం ఎవరికి దక్కితే వాళ్ళే పోయినవాళ్ళ గురించి చివరి మాట చెప్పాలి.

"చెప్పు తల్లీ," అన్నాడు గస్. "మీ నాన్న గురించి ఏదో ఒకటి."

రొవీనా గుర్రం దిగలేదు.

"ఏడేళ్ళూ సాయంత్రం పూట ఈ కంచె మీద కూర్చుని చూసేవాడు. 'నీ చెయ్యి నా చేతికన్నా మెత్తనే' అనేవాడు. ఎన్నిసార్లన్నాడో. ఆ మాటకే నేను పొంగిపోయేదాన్ని." ఆమె టాన్సీ మెడ నిమిరింది. "అనే ముందు అటూ ఇటూ చూసేవాడు. ఎవరూ లేకపోతేనే అనేవాడు."