మూడో నంబరు సిలిండర్

సైనిక విమాన స్థావరంలోని ఫైర్ స్టేషన్‌లో ఆమెను అందరూ మీటరమ్మ అనేవారు. మంటల్లోకి వెళ్లేవాళ్లు వీపున తగిలించుకునే గాలి సిలిండర్లన్నీ ఆమె చేతి మీదుగా పోవలసిందే. రోజూ పొద్దున్నే ఒక్కోదాని మీటరు చూసి, విజిల్ పనిచేస్తోందో లేదో పరీక్షించి రిజిస్టర్‌లో రాసేది. గాలి తగ్గగానే ఆ విజిల్ దానంతటదే మోగాలి. మోగిందంటే లోపలున్న మనిషి వెనక్కి తిరగాలి.

ఆ ఉద్యోగం ఆమెకు అదే స్టేషన్‌లో మంటలార్పే అన్నయ్య చావుతో వచ్చింది. తొమ్మిదేళ్ల కింద ఇంధన గోదాం అంటుకున్నప్పుడు ఆయన ఇద్దరు మెకానిక్‌లను బయటికి తోసి, మూడోవాడి కోసం వెళ్లి తిరిగి రాలేదు. విజిల్ మోగనే లేదని బతికిన ఇద్దరూ మొత్తుకున్నారు. స్టేషన్ ఆఫీసర్ మాత్రం విచారణలో, "మోగింది సార్. మనిషే మొండి. చెప్తే వినే రకం కాదు" అన్నాడు. ఆ పొద్దున సిలిండర్‌ను పరీక్షించినట్టు ఆయన సంతకం ఉంది మరి! 'స్వయంకృతం' అని రాసి ఫైలు మూసేశారు. ఆ ముక్క రాసిన చేత్తోనే చెల్లెలికి ఉద్యోగం ఇచ్చారు.

ఆఫీసర్‌కు వెనకాల 'సంతకాల దొర' అని పేరు. కాగితం తిరగేసి పెట్టినా సంతకం చేస్తాడని డ్రైవర్లు నవ్వుకునేవారు. మీటరమ్మ నవ్వేది కాదు. తొమ్మిదేళ్లు "నమస్తే సార్" అంటూనే కడుపులో కుంపటి మోసింది.

ఆయనకు పెద్ద పదవి ఖాయమైంది. దానికి ముందు స్థావరం కమాండర్ తనిఖీకి వస్తున్నాడు. పొగ గదిలోకి ఆఫీసర్ స్వయంగా వెళ్లి, బొమ్మ మనిషిని మోసుకొచ్చి చూపించాలి.

ఆ పొద్దున మూడో నంబరు సిలిండర్‌లో గాలి పావు వంతే ఉంది. ఆమె దానికి ఎర్ర చీటీ కట్టి, 'గాలి తక్కువ, వాడరాదు' అని రిజిస్టర్‌లోనూ రాసి, దాన్ని ఆఫీసర్ ముందు పెట్టింది.

"చదివి సంతకం పెట్టండి సార్."

"నీ రామాయణం చదివే టైమెక్కడిది?" అంటూ ఆయన గీకేశాడు. "ఆ ఎర్ర చీటీలేంటి, దిష్టి బొమ్మల్లా? పెద్దాయనొస్తున్నాడు, పీకెయ్. ఆ కొత్తగా మెరుస్తున్నది నాకు సిద్ధం చెయ్."

మెరుస్తున్నది మూడో నంబరే. ఇంకొక్క మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. "అలాగే సార్" అని చీటీ విప్పేసింది.

పదకొండింటికి ఆఫీసర్ మాస్క్ తగిలించుకుని, మీటరు వంక చూడకుండానే, కమాండర్‌కు సెల్యూట్ కొట్టి పొగలోకి నడిచాడు. శిక్షణ కోసం వదిలే ఆ పొగ ప్రాణం తీయదు గానీ చేతికి చెయ్యి కనిపించనివ్వదు. అవసరమైతే లోపలికి వెళ్లడానికి మీటరమ్మ నిండు సిలిండర్ తగిలించుకుని గుమ్మంలో నిలబడింది.

కాసేపటికి లోపల విజిల్ కూత పెట్టింది. గోడ పట్టుకుని వెనక్కి వస్తే చాలు, ఇంకా నాలుగైదు నిమిషాల గాలి ఉంటుంది. ఆ పాఠం ఊరందరికీ చెప్పే మనిషికి అదే గుర్తుకు రాలేదు. బొమ్మ కింద పడిన చప్పుడు, తర్వాత దగ్గు, కేకలు. మాస్క్ పీకేసుకున్నాడన్నమాట.

"వెళ్లు! తీసుకురా!" కమాండర్ అరిచాడు.

ఆమె ఇరవై అంకెలు లెక్కపెట్టింది. మాస్క్ పట్టీ బిగించుకుంటోందని చూసేవాళ్లు అనుకున్నారు. అప్పుడు వెళ్లింది. ఆఫీసర్ తలుపుకు ఎదురు గోడవైపు పాకుతున్నాడు. బూటు తగలగానే రెండు చేతులా ఆమె కాలు వాటేసుకున్నాడు. ఆమె వంగి, ఆయన చెవి దగ్గర అడిగింది.

"విజిల్ వినిపించిందా సార్?"

చంకల కింద చేతులేసి బయటికి ఈడ్చుకొచ్చింది.

ఊపిరి అందగానే ఆయన వేలు చూపించాడు. "ఇది నన్ను చంపాలని చూసింది సార్! ఖాళీది అంటగట్టింది!"

కమాండర్ రిజిస్టర్ తెప్పించి మూడో నంబరు ఎదురుగా రాసిన వాక్యాన్ని పైకి చదివాడు. "కింద సంతకం ఎవరిది?"

"నాదే సార్... చదవలేదు."

"ఎప్పట్నుంచి చదవట్లేదు?"

వెనక వరసలోంచి నెరిసిన తల మెకానిక్ ఒకడు ముందుకొచ్చాడు. గోదాంలో బతికిన ఇద్దరిలో ఒకడు. "తొమ్మిదేళ్ల కిందటిది నేను చెప్తాను సార్," అన్నాడు.

పాత ఫైలు తెరిచారు. అప్పటి సంతకమూ సిలిండర్ చూడకుండా గీకిందేనని తేలింది. ఆఫీసర్‌కు రావలసిన పదవీ పోయింది, ఉద్యోగమూ పోయింది. విచారణలో మీటరమ్మ ఏదీ దాచలేదు. మళ్లీ చెప్పగలిగి చెప్పలేదని, ఇరవై లెక్కపెట్టానని ఒప్పుకుంది. ఆమెను సిలిండర్ల గదిలోంచి తీసేసి, ఏడాదిపాటు గొట్టాలు కడిగే పనిలో వేశారు.

అన్నయ్య ఫైలులో 'స్వయంకృతం' కొట్టేసినట్టు ఉత్తరం వచ్చిన రోజు వదిన దాన్ని మూడుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుని అడిగింది.

"ఆ ఆఫీసరుగాడు లోపలే పోయుంటే ఏం చేసేదానివే?"

"పోనిచ్చేదాన్ని కాదు వదినా."

"ఇప్పుడైనా కోపం చల్లారిందా?"

"లేదు. ముప్ఫై లెక్కపెట్టాల్సింది."

వదిన ఆమె వీపు మీద ఒక్కటి వేసి, ఉత్తరం మడిచి, అన్నం పెట్టడానికి లేచింది.