తప్పు యాప్‌దైతేనే సారీ

"సుమేరా, నా సాక్సు యాడ పెట్టినవే?" అని తబ్రేజ్ కేకేసేటప్పటికి సుమేరా చేతులు చపాతి పిండిలో ఉన్నాయి, మనసు సుబేదారిలో ఉన్న తన ఆఫీసులో ఒక ఇంగ్లీషు వాక్యం దగ్గర ఉంది. "మంచం కింద ఉన్నయి, సారీ," అంది. విప్పి అక్కడ పడేసింది ఆయన, సారీ చెప్పింది ఈమె. చిత్రమేం లేదు, పెళ్లయిన నాటి నుంచి ఆ మాట ఆమె నోట్లో వక్కపలుకులా నానుతూనే ఉంది. కూరలో ఉప్పు తగ్గితే సారీ. కరెంటు పోయి ట్యాంకులోకి నీళ్లెక్కకపోతే సారీ. ఆడపడుచు నుస్రత్ వచ్చిన రోజు వాన పడితే, ఇదిగో, ఆ వానకూ సారీ.

ఆమె కొలువు సంగతి వింటే నవ్వేవాళ్లే ఎక్కువ. దవాఖానలకు అపాయింట్‌మెంట్లు ఇప్పించే యాప్ చేసే చిన్న కంపెనీ అది. యాప్ మొరాయించినప్పుడు తెర మీద కనబడే ఇంగ్లీషు మాటలు రాయడం ఆమె పని. "మిషన్ ఖరాబైతే ఏం చెప్పాల్నో రాసేటందుకు జీతమా? నేను ముఫ్త్‌ల చెప్త, ఖరాబైందని," అంటాడు తబ్రేజ్ దోస్తుల ముందు. ఆ నవ్వుల నడుమకు చాయ్ పట్టుకొచ్చేదీ ఆమే.

నవ్వేవాళ్లకేం తెలుసు? ప్రోగ్రాం రాసేవాళ్లు ముందు 'యూ ఎంటర్డ్ ఎ రాంగ్ డేట్' అని పెట్టారు. తేదీ చదవడం చేతకానిది యాప్‌కు, తప్పు నీదేనన్న తిట్టు మాత్రం జ్వరంతో ఫోన్ పట్టుకున్న ముసలాయనకు. సుమేరా దాన్ని కొట్టేసి, 'వి కుడ్ నాట్ రీడ్ దిస్ డేట్. ప్లీజ్ పిక్ ఇట్ ఫ్రమ్ ది క్యాలెండర్' అని రాసింది. ఏం జరిగిందో చెప్పాలి, ఇప్పుడేం చేయాలో చెప్పాలి, మనిషి మీద నింద వేయొద్దు. సారీ అన్నది తప్పు యాప్‌దైతేనే వాడాలి, ఊరికే వాడితే ఆ మాట చచ్చిపోతుంది. ఈ పద్ధతి పెట్టింది ఆమే. మీటింగులో "నా పాలసీ" అని చెప్పుకున్నది మేనేజర్ నవీన్. చప్పట్లు అయ్యాక, "సుమేరా గారూ, అందరికీ జర చాయ్ చెప్తారా?" అన్నాడు.

ఆ మీటింగు రోజే అత్త హుసేన్‌బీకి కంటి ఆపరేషన్. పొద్దున్నే హనుమకొండ దవాఖానలో దింపి, కాగితాల మీద సంతకాలు పెట్టి ఆఫీసుకు పోయింది సుమేరా. సాయంత్రం తీసుకురావలసింది ఆమె కొడుకు తబ్రేజ్. కొడుకేమో దోస్తు దుకాణంలో క్యారమ్స్ బోర్డు ముందు కూర్చుండిపోయాడు. కంటికి కట్టుతో ముసలామె బెంచీ మీద, వచ్చిపోయే ప్రతి చెప్పుల చప్పుడుకూ తల తిప్పుతూ కూర్చుంది. చీకటి పడ్డాక నర్సమ్మ ఒకామె జాలిపడి ఆటో ఎక్కించింది.

సుమేరా ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే తబ్రేజ్ లేచాడు. "ఒక్క ఫోన్ చేసి నాకు యాది చెయ్యరాదా? నీ వల్లనే మా అమ్మీ అనాథ లెక్క కూసున్నది. మాఫీ అడుగు!"

"కోడలు కొలువు చేస్తాంది గద తమ్మీ, ఇంట్ల మనుషులు యాదికుంటరా?" అంది గోడకానుకున్న నుస్రత్.

అలవాటు కొద్దీ సారీ నాలుక చివరిదాకా వచ్చింది. ఆఫీసులో అయితే ఈ పాటికి ఆ మాటను కొట్టేసి ఉండేది. పరాయి ముసలాయన మీద నింద పడకుండా రోజంతా కాపలా కాసే మనిషి, తన మీద పడ్డదాన్ని ఇన్నేళ్లూ ఎవరి కోసం మోసింది?

చేతులు కడుక్కొచ్చి అత్త పక్కన కూర్చుంది. ముసలామె చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"అమ్మీ, నిన్ను తోలుకరావాల్సింది నీ కొడుకు. మరిచిపోయిండు. కట్టు విప్పించేటందుకు రేపు పొద్దుగాల మళ్లా పోవాలె. ఆయన ఫోన్ల ఆయనే అలారం పెట్టుకుంటడు. నేను యాది చెయ్య."

"ఇన్నవా అమ్మీ, తప్పు నాదట!" అన్నాడు తబ్రేజ్.

హుసేన్‌బీ చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఎందుకే ఈ లొల్లి? ఎప్పుడూ చెప్పేదే గదా. ఒక్క సారీ చెప్తే నోరు అరిగిపోతదా?"

"అరిగిపోయింది అమ్మీ," అంది సుమేరా. "మీరెవరూ సూడలే."