కొస కొట్టిన బోల్టులు

నా కొడుకు ఎల్లేశం బిగించిన బోల్టు ఊడిందని ఎవరూ ఎన్నడూ అనలేదు. చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో వాడిది చిన్న ఫిట్టింగు దుకాణం. షట్టర్లు, రిక్షాలు, బడి బల్లలు, ఏది వచ్చినా నట్టు బిగించి అంతటితో వదిలేవాడు కాదు. నట్టు దాటి బయటికి మిగిలిన బోల్టు కొసను సుత్తితో కొట్టి పుట్టగొడుగు తలలా అణిచేసేవాడు. ఇక ఆ నట్టు పానాకు తిరగదు, దొంగకు దొరకదు. నారాయణగూడలో ఉస్తాదు దగ్గర చేరిన మొదట్లోనే నేర్చుకున్న పని అది. కొస కొట్టందే పని అయినట్టు కాదని ఆ ఉస్తాదు అనేవాడట.

అది ఉత్త పట్టింపు కాదు. మేం పాలమూరు నుంచి వచ్చి అశోక్‌నగర్ మురికి నాలా పక్కన గుడిసె వేసుకున్న కొత్తలో బస్తీ బోరింగు నట్లు తెల్లారేసరికి మాయమయ్యేవి. పాత ఇనుము వాళ్ళకు అమ్ముకునేవారు. ఆడవాళ్ళం బిందెలు చంకన పెట్టుకుని నీళ్ళకోసం ఏ బస్తీకి పోయినా తిట్లు తిని వచ్చేవాళ్ళం. ఎల్లేశం పని నేర్చుకుని వచ్చి బోరింగు బోల్టులకు కొస కొట్టాక ఆ బాధ తీరింది. ఇటుకలు మోసి మోసి నడుం వంగిన నా పెనిమిటి దాసయ్య ఆ బోరింగు పక్కన నిలబడి, "నా కొడుకు కొట్టిండు" అని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాట చెప్పుకుంటూనే పోయాడు.

బస్తీలోకి కేబుల్ టీవీ వచ్చిన ఏడు, రాఘవేందర్ అనే అతను దుకాణానికి వచ్చాడు. నేను అన్నం డబ్బా తీసుకుని అక్కడే ఉన్నాను. అతని చేతిలో తుప్పు పట్టిన రెండు చిన్న బోల్టులు ఉన్నాయి.

"గివి ఏందన్నా? గడియారంవా?" అన్నాడు ఎల్లేశం.

"కాదన్నా. నీళ్ళ మీద ఉరికే చెక్కవి. చెరువు కాడ మా క్లబ్బుల పిల్లలకు నేర్పుత."

"హుస్సేన్‌సాగర్లనా? ఆ కంపులనా?" అన్నాను నేను.

"ముక్కు మూసుకుని ఉరుకుతరు అవ్వా. గందుకే గంత స్పీడు!"

నవ్వు ఆగలేదు నాకు. అతను చెక్క కూడా తెచ్చి చూపించాడు. మనిషంత పొడవు. మోటారు పడవకు తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని దాని మీద నిలబడి జారతారట. దాన్ని స్కీ అంటారట. చెక్క మీద రెండు బోల్టులు నిలబడి ఉంటాయి. రబ్బరు బూటు బిగించిన అల్యూమినియం పలక వాటి మీద కూర్చుంటుంది. బోల్టుల మెడలను స్ప్రింగు క్లిప్పులు పట్టుకుని ఉంటాయి. మనిషి పడ్డప్పుడు క్లిప్పులు వదిలేస్తాయి. పలక బూటుతో సహా చెక్క నుంచి ఊడి వస్తుంది.

"ఊడేదానికి బోల్టెందుకన్నా?" అని ఎల్లేశం కూడా నవ్వాడు. "పైసలు పెట్టి ఊడేటిది కొంటరా మీరు?"

"ఊడాలె అన్నా, పడితే ఊడాలె" అన్నాడు రాఘవేందర్. అప్పుడే రిక్షావాళ్ళెవరో వచ్చి తొందర పెట్టడంతో మాట అక్కడే తెగిపోయింది.

స్టీలు కడ్డీతో అచ్చం అలాంటి బోల్టులే చేసి ఇచ్చాడు ఎల్లేశం. అప్పటినుంచి క్లబ్బు పనులన్నీ వాడికే. సెలవు రోజున సామాను ఇవ్వడానికి పోతూ కూతురు నర్మదను వెంట తీసుకుపోయేవాడు. ఒకసారి రాఘవేందర్ సరదాకి, "ఎక్కుతవా బిడ్డా?" అన్నాడట. ఎక్కింది. పడింది. నోట్లోంచి నీళ్ళు ఉమ్మి, "ఇంకోసారి" అందట. ఇక దాన్ని పట్టడం ఎవరి తరం? చున్నీ నడుముకు చుట్టుకుని, పైన క్లబ్బువాళ్ళ నీళ్ళలో తేలే కోటు వేసుకుని, రెండు వేసవుల్లో ఆ నీళ్ళ మీద చేపలా తిరగడం నేర్చింది.

బస్తీలో ఊరుకుంటారా? మా పక్కింటి లక్ష్మయ్య రోజూ అనేవాడు. "ఏమే నర్మదా, నాలా మీద కూడ ఉరుకుతవా? పెద్ద వాన పడితే మమ్మల్ని అందర్ని తాడు కట్టి గుంజుకుపోదువు."

"నువ్వు శానా బరువున్నవ్ లచ్చన్నా. తాడు తెగుతది" అనేది ఇది.

కోడలు కురుమమ్మ హిమాయత్‌నగర్‌లో టిఫిన్ల హోటల్లో పిండి రుబ్బేది. దాని చేతులు పుండ్లు పడి ఉండేవి. నర్మద ఆ చేతులకు వెన్న రాస్తూ, "నేను రాష్ట్రం జట్టుల పడితే ఆటల కోటాల కాలేజీ సీటిస్తరంటనే అమ్మా. చదువైనంక నౌకరి. ఇగ నువ్వు రుబ్బుడు బంద్" అనేది. అంతే దాని కోరిక. ఆ జట్టులో పేరు రావాలి. మా ఇంట్లో దీపం పెట్టినప్పుడు అందరం అదే మొక్కేవాళ్ళం.

ఎంపిక పోటీకి ముందు రోజు అభ్యాసం చూడటానికి ఎల్లేశం పోయాడు. నర్మద మలుపు తిరుగుతుంటే క్లిప్పు ముందే వదిలేసి పలక ఊడింది. పిల్ల నీళ్ళలో పడింది. మళ్ళీ ఎక్కితే మళ్ళీ ఊడింది. స్ప్రింగులు పాతబడ్డాయి. ఒడ్డున ఉన్నవాళ్ళలో ఎవరో, "అరే, ఎల్లన్న బోల్టు ఊడింది రో!" అని చప్పట్లు కొట్టారు. రాఘవేందర్ కొత్త స్ప్రింగులు వేస్తానన్నాడట. కానీ ఎల్లేశం వినే స్థితిలో లేడు. స్కీని భుజాన వేసుకుని నేరుగా దుకాణానికి వచ్చాడు.

సాయంత్రం నేను టీ తీసుకుపోయేసరికి క్లిప్పులు కింద పడేసి ఉన్నాయి. మర చుట్లు వేసిన కొత్త బోల్టులు చెక్కకు ఎక్కించి, పలక కూర్చోబెట్టి, నట్లు బిగిస్తున్నాడు. ఆపైన చిన్న సుత్తి తీసుకుని కొసలు కొట్టాడు. తాళి ముడి వేసేవాడి శ్రద్ధ ఆ చేతుల్లో. కొట్టిన కొసల మీద ఇంత పసుపు, ఇంత కుంకుమ పెట్టాడు.

"ఇగ ఊడది అమ్మా. ఏనుగు గుంజినా ఊడది" అన్నాడు. వాడి మొహంలో అంత వెలుగు బోరింగు రోజు చూశాను, మళ్ళీ ఆ సాయంత్రమే చూశాను.

పొద్దున వాడు మొహం కడుక్కుంటుంటే నర్మద స్కీని చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో పలకను తడుముతూ వచ్చి ఆ కొసల దగ్గర ఆగింది. కుంకుమ వేలికి అంటింది. ఒకసారి తండ్రివైపు చూసింది. వాడు తువ్వాలతో మొహం తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. ఆ వేలిని నుదుటికి రాసుకుని, "పోదాం పా నాయినా" అంది.

ఆ రోజు నేనూ పోయాను. గట్టు మీద కూర్చున్నాను. పోటీ తొందరలో రాఘవేందర్ చెక్కవైపు చూడనేలేదు. పడవ కదిలింది, పిల్ల లేచి నిలబడింది. నీళ్ళను కోసుకుంటూ పోతుంటే, ఇది నా మనవరాలేనా అనిపించింది. ఒకటి, రెండు మలుపులు బాగానే తిరిగింది. తర్వాతి మలుపులో అల తగిలి పక్కకు పడింది. చెక్క నీళ్ళకు అడ్డం తిరిగింది. బూటు ఊడలేదు. చెక్కతో పాటు కాలు కూడా తిరిగింది.

పడవలో వేసుకుని తెచ్చారు. స్కీ ఇంకా కాలికే ఉంది. రాఘవేందర్ పలకను గుంజాడు, రాలేదు. పానా వేశాడు, తిరగలేదు. చివరకు కత్తితో రబ్బరు బూటు కోసి కాలు బయటికి తీశాడు. అప్పుడు తలెత్తి, "క్లిప్పులేవన్నా?" అన్నాడు.

ఎల్లేశం వంగి ఆ కొసలను వేలితో తడిమాడు.

పెద్దాసుపత్రిలో ఎముకకు పలక వేసి స్క్రూలు బిగించారు. ఎక్స్‌రే పటం వెలుతురుకు పట్టి డాక్టరు చూపిస్తుంటే ఎల్లేశం చేతులు జోడించాడు. "సారూ, గివి ఊడకుంట ఉండాలెనా, ఊడాలెనా?" అని అడిగాడు. డాక్టరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "గట్టిగానే ఉంటాయిలే, వెళ్ళు" అన్నాడు.

ఉండలేదు. లోపల చీము పట్టింది, స్క్రూలు వదులయ్యాయి. మళ్ళీ కోశారు, పలక తీసేశారు. ఎముక వంకరగా అతుక్కుంది. కాలు పొట్టిదయింది, మోకాలు వంగదు. జట్టు ఎప్పుడో పోటీలకు వెళ్ళిపోయింది.

ఆసుపత్రిలో ఉండగానే, నేను తల దువ్వుతుంటే నర్మద మెల్లగా అంది. "నాకెరుకనే అవ్వా. నట్లు చూసిన. ఊడదని ఎరుకనే."

"మరి చెప్పకపోతివేమే తల్లీ?"

"నాయిన గంత సంబురంగ ఉండె. పడనులే అనుకున్న." నా చెయ్యి పట్టుకుని, "నాయినకు చెప్పకు" అంది.

చిక్కు తీసి జడ అల్లాను.

ఎల్లేశం దుకాణం తెరుస్తాడు గానీ సుత్తి పట్టడు. నట్టు వేస్తాడు, బిగించబోతూ ఆగిపోతాడు. రిక్షాల వాళ్ళు కొన్నాళ్ళు చూసి రాంనగర్‌లో వేరే మనిషిని వెతుక్కున్నారు. బస్తీ బోరింగు పిడి వదులై కిర్రుమంటుంటే ఆడవాళ్ళు పిలవడానికి వచ్చారు. వాడు పోలేదు. కురుమమ్మ పొద్దున్నే రుబ్బడానికి పోతూనే ఉంది.

మొన్న రాఘవేందర్ స్కీని తెచ్చి మా గడప దగ్గర పెట్టాడు. పలక రాకపోవడంతో అది ఎవరికీ పనికిరాలేదట. కోసిన బూటు ఇంకా దానికే ఉంది. లోపల నర్మద పాదం అచ్చు ఉంది. మంచం కిందికి తోశాం. అయినా కొన ఒకటి బయటికి కనిపిస్తూనే ఉంది.

"నాయినా, ఆ పలక ఊడదీసి నాలల పారెయ్యరాదా. చూడలేకపోతున్న" అంది నర్మద.

ఎల్లేశం స్కీని వాకిట్లోకి తెచ్చి, ఉలి పెట్టి సుత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి దిగలేదు. నావైపు తిరగకుండా అడిగాడు.

"అమ్మా, ఆ పొద్దుగాల బిడ్డ గీ నట్లు చూసిందా?"

"లేదు కొడకా. చూడలే" అన్నాను.

"చూస్తే చెప్పుతుండె గద?"

"చెప్పుతుండె."

లోపల నర్మద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోయే పిల్ల ఊపిరి కాదు అది. ఎల్లేశానికీ వినబడే ఉంటుంది, నా అబద్ధంతో పాటు. ఉలి కింద పెట్టాడు. స్కీని మళ్ళీ లోపలికి మోసుకొచ్చి, చప్పుడు కాకుండా మంచం కిందికి తోశాడు.