సున్నం పూయని రాళ్లు

తండా భద్రును నేనెప్పుడూ నమ్మలేదు. నర్సింహులపేట రోడ్డు మీద మేం వడ్లు ఆరబోసుకునే చోట అతని కుప్పా నా కుప్పా పక్కపక్కనే ఉండేవి. పొద్దున పోయి చూస్తే అతని కుప్ప నా వైపు ఒక మూర జరిగినట్టే అనిపించేది.

ఆ రోజు నా వడ్లు బస్తాలకెత్తి కేసముద్రం మార్కెట్‌కు పంపాను. పొలంలో ఇంకా కోత మిగిలి ఉంది. రాళ్లు తీస్తే తెల్లారేసరికి భద్రు ఆ జాగా కొట్టేస్తాడని, కుప్ప చుట్టూ పెట్టిన నల్లరాళ్లను రోడ్డు మీదే వదిలేశాను.

చీకటి పడే వేళ భద్రు బకెట్టు, కుంచె పట్టుకొచ్చాడు. తన రాళ్లకు సున్నం పూసి, నా రాళ్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"గీ రాళ్లు చీకట్ల కానొస్తలేవు కొమురెల్లన్నా. బండి మీదోళ్లు పడ్తరు. జర సున్నం పూస్త."

వీడి ఎత్తులు నాకు తెలియవా! సున్నం పేరు చెప్పి రాయి జరుపుతాడు.

"నా రాయి ముట్టినవంటే మంచిగుండదు" అన్నాను. బకెట్టు ఎత్తుకుని పోయాడు. నేను గెలిచినట్టే ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

ఏడున్నరకు ఫోనొచ్చింది. మా తమ్ముడు జితేందర్ బైకు రాయికి గుద్దుకుని పడిపోయిందట. మానుకోట దవాఖానకు తీసుకుపోయింది భద్రేనట.

దారి పొడుగునా ఒకటే అనుమానం. నేనొచ్చాక వాడే రాయిని నడిరోడ్డు మీదికి జరిపి ఉంటాడు. వడ్లు ఆరబోసే చోట బండి ఆపాను. భద్రు రాళ్లు దూరం నుంచే తెల్లగా కనిపించాయి. నావి దగ్గరికి పోయేదాకా కనిపించలేదు. అన్నీ నేను పెట్టిన వరుసలోనే ఉన్నాయి. చివరి రాయి పక్కన తమ్ముడి చెప్పు పడి ఉంది. అది తీసుకుని మళ్లీ బండెక్కాను.

దవాఖానలో జితేందర్ తలకు కట్టుతో పడి ఉన్నాడు, ఇంకా తెలివి రాలేదు. మరదలు పద్మలత భద్రు అంగీ పట్టుకుని గుంజుతోంది.

"రోడ్డు మీద రాళ్లు పెట్టి పానాలు తీస్తవా? గవి నీ రాళ్లే గదా?"

భద్రు నా వైపు చూశాడు. అవి నావని ఎందుకు చెప్పడం లేదు? నా దగ్గర ఏం గుంజాలని చూస్తున్నాడు? అప్పుడు కూడా నా బుద్ధి అటే పోయింది. సిగ్గేసింది.

"గవి నా రాళ్లు పద్మలతా" అన్నాను.

ఆమె అంగీ వదిలేసింది. గోడకు ఆనుకుని కూలబడింది.

భద్రు దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"అన్నా, బకెట్ల సున్నం ఇంక ఉన్నది. ఇప్పుడన్న పూయనిస్తవా?"